మిరియాల నుంచి పైపరిన్ స్ఫటికాలు తీయడం ఎలా?

ఆల్కలాయిడ్ (మొక్కల్లో దొరికే, నైట్రోజన్ ఉన్న, మామూలుగా క్షార గుణం చూపే పదార్థం) అనగానే కెమిస్ట్రీ చదివినవాళ్లకి ఒకే పద్ధతి గుర్తొస్తుంది. మొక్క పొడిని పలచటి ఆమ్లంలో నానబెడితే ఆల్కలాయిడ్ లవణంగా మారి నీళ్లలోకి దిగుతుంది, వడకట్టి క్షారం కలిపితే మళ్లీ విడిపోయి బయటికొస్తుంది, దాన్ని ఏదో ఒక సేంద్రియ ద్రావణిలోకి లాగేస్తే పని అయిపోయినట్టే. క్వినైన్‌కి, అట్రోపిన్‌కి ఇది చక్కగా పనిచేస్తుంది. మిరియాల మీద ఇదే ప్రయత్నిస్తే మాత్రం చేతికి దాదాపు ఏమీ రాదు. ఎందుకంటే మిరియాలకి కారాన్నిచ్చే పైపరిన్ పేరుకే ఆల్కలాయిడ్, క్షార గుణం దానికి లేనట్టే లెక్క.

ఈ ఒక్క సంగతి ముందే బుర్రలో పెట్టుకుంటే కింద చెప్పబోయే ప్రతి మెట్టూ ఎందుకు అలా ఉందో మీకే అర్థమవుతుంది, బట్టీ పట్టాల్సిన పని ఉండదు. కాబట్టి ఫ్లాస్కు పట్టుకునే ముందు రెండు నిమిషాలు అణువు వైపు చూడండి.

పైపరిన్ అణువులో 17 కార్బన్లు, 19 హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్, 3 ఆక్సిజన్లు ఉంటాయి, అణుభారం 285.3. ఒక చివర మిథిలీన్‌డయాక్సీ గుంపు తగిలించుకున్న బెంజీన్ వలయం, మధ్యలో ఒకదాని పక్కన ఒకటి రెండు ద్విబంధాలు, వాటి తర్వాత కార్బొనైల్ (ఆక్సిజన్‌తో ద్విబంధం ఉన్న కార్బన్), ఆ కార్బొనైల్‌కి అతుక్కుని ఆరు సభ్యుల పైపరిడిన్ వలయం. నైట్రోజన్ ఉన్నది ఈ వలయంలోనే. విడిగా ఉన్నప్పుడు పైపరిడిన్ బలమైన క్షారం, కానీ ఇక్కడ దాని నైట్రోజన్ పక్కనే కార్బొనైల్ ఉంది కాబట్టి అది ఎమైడ్ అయిపోయింది. నైట్రోజన్ మీద ఉండాల్సిన లోన్ పెయిర్ (ఏ బంధంలోనూ లేని జంట) ఎలక్ట్రాన్లు కార్బొనైల్ వైపు పరుచుకుపోతాయి, ఇక ప్రోటాన్‌ని పట్టుకోవడానికి ఏం మిగులుతుంది? పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసినా లవణం ఏర్పడదు, పైపరిన్ తగిలితే లిట్మస్ కాగితం రంగూ మారదు. నీళ్లలో కరగడం కూడా చాలా తక్కువ, 18 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 40 మిల్లీగ్రాములు. అదే ఒక గ్రాము పైపరిన్ 15 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, క్లోరోఫామ్ అయితే 1.7 మిల్లీలీటర్లు చాలు.

అంటే మనం ఆడబోయే ఆట ఆమ్లం, క్షారం మధ్య కాదు, ఆల్కహాల్‌కీ నీళ్లకీ మధ్య. 1819లో దీన్ని మొదటిసారి వేరుచేసింది డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ అయర్‌స్టెడ్. అవును, ఆ మరుసటి ఏడాదే కరెంటు తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం గమనించి విద్యుదయస్కాంతత్వానికి తలుపు తీసిన ఆయనే. మిరియాల సంగతి ఫిజిక్స్ పుస్తకాల్లో ఎందుకో రాయరు.

ముందు ఒక హెచ్చరిక. ఇది ల్యాబ్‌లో చేసే పని, వంటగదిలో కాదు. రెండు గంటల పాటు ఆల్కహాల్ మరగాలి, దాని ఆవిరి మామూలు గది ఉష్ణోగ్రత దగ్గరే అంటుకుంటుంది. బన్సెన్ బర్నర్ వద్దు, గ్యాస్ పొయ్యి అసలే వద్దు, హీటింగ్ మాంటిల్ లేదా వాటర్ బాత్ మాత్రమే. పొటాషియం హైడ్రాక్సైడ్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, కాబట్టి కళ్లద్దాలు మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా కళ్లకే ఉండాలి, నుదుటి మీద కాదు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. 20 గ్రాముల నల్ల మిరియాలు, 95 శాతం ఇథనాల్ ఒక 300 మిల్లీలీటర్లు, పొటాషియం హైడ్రాక్సైడ్ 2 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్, 500 మిల్లీలీటర్ల రౌండ్ బాటమ్ ఫ్లాస్కు, నీళ్లు తిరిగే కండెన్సర్, బుక్నర్ ఫన్నెల్, ఫిల్టర్ పేపర్లు. రోటరీ ఎవాపరేటర్ ఉంటే అదృష్టం, లేకపోతే మామూలు డిస్టిలేషన్ సెట్టుతో సరిపెట్టుకోవచ్చు. అల్యూమినియం ఫాయిల్ కూడా కాస్త దగ్గర పెట్టుకోండి, దాని పని తర్వాత ఉంది.

పొడి చేయడం

మిరియాలను గింజలుగానే తెచ్చుకుని అప్పటికప్పుడు పొడి చేయండి. పొడిగా కొన్నదాంట్లో ఏం కలిపారో, ఎప్పటిదో తెలియదు. మరీ మెత్తగా పిండిలా చేస్తే తర్వాత ఫిల్టర్ పేపర్ రంధ్రాలు మూసుకుపోయి గంటలు గంటలు కూర్చోవాల్సి వస్తుంది, మరీ బరకగా ఉంటే ద్రావణి లోపలి దాకా వెళ్లదు. సన్నటి రవ్వలా ఉంటే చాలు. మాస్క్ పెట్టుకోండి, ఎందుకో మొదటి తుమ్ము చెబుతుంది.

నల్ల మిరియాల్లో మామూలుగా 5 నుంచి 9 శాతం పైపరిన్ ఉంటుంది. అంటే 20 గ్రాముల్లో 1 నుంచి 1.8 గ్రాములు. అదంతా చేతికి వస్తుందని ఆశపడకండి, చివరికి శుభ్రమైన స్ఫటికాలుగా అర గ్రాము మిగిలితే మంచి ఫలితమే.

ఆల్కహాల్‌లో మరిగించడం

పొడిని ఫ్లాస్కులో వేసి 200 మిల్లీలీటర్ల ఇథనాల్ పోయండి, నాలుగైదు బాయిలింగ్ చిప్స్ వేయండి (మరిగే ద్రవంలో మాత్రం ఎప్పుడూ వేయకండి, ఒక్కసారిగా పొంగి మీద పడుతుంది), కండెన్సర్ బిగించి రెండు గంటలు రిఫ్లక్స్ చేయండి, అంటే ఆవిరి చల్లబడి మళ్లీ ఫ్లాస్కులోకే పడేలా మరిగించండి. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆవిరి కండెన్సర్‌లో సగం ఎత్తు దాటి పైకి పోకుండా వేడి తగ్గించుకోండి. సాక్స్‌లెట్ అనే గాజు పరికరం ఉంటే ఇంకా సుఖం, ప్రతి చుట్టుకీ తాజా ద్రావణి పొడి మీద పడుతుంది, వడకట్టే పని కూడా తప్పుతుంది.

రెండు గంటల తర్వాత కాస్త చల్లారనిచ్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడే వడకట్టి, పొడిని ఇంకో 20 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌తో కడిగి కలిపేయండి. ఆకుపచ్చ ఛాయ ఉన్న ముదురు గోధుమ రంగు ద్రవం వస్తుంది. ఇందులో పైపరిన్ ఒక్కటే లేదు, మిరియాల వాసనకి కారణమైన తైలం ఉంది, రెసిన్ ఉంది, ఫినాల్ జాతి పదార్థాలు ఉన్నాయి, రంగులున్నాయి. ఇక్కడి నుంచి మన పనంతా వీటిని వదిలించుకోవడమే.

చిక్కబరచడం

ఆల్కహాల్‌ని 20 నుంచి 25 మిల్లీలీటర్ల దాకా తగ్గించాలి. రోటరీ ఎవాపరేటర్ అయితే బాత్ 50, 60 డిగ్రీలు చాలు. మామూలు డిస్టిలేషన్ అయితే వాటర్ బాత్ మీద నెమ్మదిగా లాగండి, వచ్చిన ఆల్కహాల్‌ని దాచుకుంటే ఇంకోసారి పనికొస్తుంది. బీకర్‌లో పోసి బయట ఆవిరి చేద్దాంలే అనుకోకండి, గదినిండా ఆల్కహాల్ ఆవిరి చేరాక ఒక స్విచ్ వేసినా చాలు, మంట లేవడానికి. పూర్తిగా ఆరబెట్టడం కూడా వద్దు. అడుగున తారులాంటి జిగురు ముద్ద మిగులుతుంది, దాన్ని మళ్లీ కరిగించడం తలనొప్పి.

పొటాషియం హైడ్రాక్సైడ్, అసలు మెలిక ఇక్కడే

2 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్‌ని 20 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో కరిగించండి. కరిగేటప్పుడు వేడెక్కుతుంది, అది చల్లారాక, తేటగా ఉన్న భాగాన్ని చిక్కబరిచిన ద్రవంలో కొంచెం కొంచెంగా కలుపుతూ తిప్పండి. గోధుమ రంగు జిగట పదార్థం అడుగుకి దిగుతుంది. రెసిన్‌లోని ఆమ్ల స్వభావం ఉన్నవీ, ఫినాల్‌లూ పొటాషియం లవణాలుగా మారాయి. వాటిలో కొన్ని ఆల్కహాల్‌లో కరగక ఇప్పుడే కింద పడ్డాయి, మిగతావి తర్వాత నీళ్లు కలిపినప్పుడు నీళ్లలోనే ఉండిపోతాయి. మామూలు ఆల్కలాయిడ్ పద్ధతిలో ఆల్కలాయిడ్‌ని లవణంగా మార్చి చెత్తను వదిలేస్తారు, ఇక్కడ తలకిందులు, చెత్తను లవణంగా మార్చి ఆల్కలాయిడ్‌ని దాని మానాన వదిలేస్తున్నాం. పైపరిన్ ఆమ్లమూ కాదు, చెప్పుకోదగ్గ క్షారమూ కాదు కాబట్టే ఈ ఉపాయం పారుతుంది.

కానీ ఒక ప్రమాదం ఉంది, ఇది చాలా నోట్స్‌లో రాయరు. ఎమైడ్ బంధాన్ని తెంచడానికి వాడేది కూడా ఇదే ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్. చల్లగా, కొద్దిసేపు ఉంచితే అది శుభ్రం చేసే మందు. గంటా గంటన్నర మరిగిస్తే మాత్రం పైపరిన్ జలవిశ్లేషణ జరిగి పైపరిక్ ఆమ్లపు లవణంగా, పైపరిడిన్‌గా విడిపోతుంది, చేపల కంపు లాంటి ఘాటు వాసన వస్తుంది, మీరు ఇంత కష్టపడి తీసింది పోతుంది. కాబట్టి ఈ దశలో హీటర్ ఆపేయండి. ద్రవం మరీ చిక్కగా ఉండి కలవకపోతే చేతికి వెచ్చగా తగిలేంత వేడి చాలు.

అడుగున చేరినదాన్ని కదపకుండా పైద్రవాన్ని వేరే ఫ్లాస్కులోకి వంచండి, అవసరమైతే వడకట్టండి.

నీళ్లు కలపడం, ఎదురుచూడటం

ఇప్పుడు నీళ్లు. చుక్క చుక్కగా, ఫ్లాస్కు తిప్పుతూ. మొదట చుక్క పడ్డచోట తెల్లగా మబ్బులా వచ్చి మాయమవుతుంది. ఎంత తిప్పినా ఆ మబ్బు పోని ఘడియ ఒకటి వస్తుంది, అక్కడ ఆగండి. ఫ్లాస్కుకి మూత పెట్టి, చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టి, కదపకుండా ఒక రాత్రి, వీలైతే రెండు మూడు రోజులు వదిలేయండి. చాలామంది ప్రయోగం చెడేది ఇక్కడే, తొందరలో ఒకేసారి గ్లాసుడు నీళ్లు పోసేస్తారు, స్ఫటికాలకు బదులు నూనె బొట్లు పడతాయి.

నూనె పడితే కంగారు అక్కర్లేదు. పైపరిన్ తనంతట తానుగా అయితే 128 డిగ్రీల దాకా ఘనపదార్థమే, కానీ తైలం, రెసిన్ కలిసున్నప్పుడు అది గది ఉష్ణోగ్రతలోనే జిగురుగా విడిపోతుంది. ఫ్లాస్కులో కొంచెం ఇథనాల్ కలిపి, గోరువెచ్చగా చేసి, మళ్లీ తేటగా అయ్యేదాకా తిప్పండి. తర్వాత నెమ్మదిగా చల్లారనివ్వండి, ఐసు నీళ్లలో ఒక్కసారిగా ముంచకండి. గాజు కడ్డీతో ఫ్లాస్కు లోపలి గోడను ద్రవం అంచు దగ్గర గీకండి, అక్కడ మొదటి స్ఫటికాలు పుట్టే అవకాశం ఎక్కువ. ల్యాబ్‌లో పాత పైపరిన్ ఉంటే ఒక్క రేణువు వేస్తే ఇంకా త్వరగా పని అవుతుంది. నా లెక్కలో ఈ ప్రయోగంలో నేర్చుకోవాల్సిన నైపుణ్యం అంటూ ఉంటే ఇదొక్కటే, మిగతాదంతా చెప్పినట్టు చేసుకుపోవడమే.

ఫాయిల్ ఎందుకంటే, పైపరిన్‌కి వెలుతురు పడదు. మధ్యలో ఉన్న ఆ రెండు ద్విబంధాలూ ట్రాన్స్ రూపంలో ఉంటేనే అది పైపరిన్. ద్రావణంలో ఉండగా వెలుతురు, ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలు తగిలితే ఆ బంధాలు తిరగబడి ఐసోపైపరిన్, ఐసోచావిసిన్, చావిసిన్ అనే మిగతా మూడు ఐసోమర్లు (అవే అణువులు, అమరిక మాత్రం వేరు) తయారవుతాయి. వాటికి ఈ కారం ఉండదు. ఫార్ములా అదే, బరువు అదే, రుచి మాత్రం పోతుంది.

వడకట్టడం, కడగడం

లేత పసుపు సూదుల్లాంటి స్ఫటికాలు కనిపించాక బుక్నర్ ఫన్నెల్‌లో వేసి సక్షన్ పెట్టండి. కడగడానికి చల్లటి నీళ్లు వాడండి, ధారాళంగా వాడండి. ముందు చెప్పిన లెక్క ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసినా పోయేది మహా అయితే 4 మిల్లీగ్రాములు. కిందికి దిగే నీళ్లు ఎర్ర లిట్మస్‌ని నీలంగా మార్చడం మానేదాకా కడగండి, అంటే పొటాషియం హైడ్రాక్సైడ్ పూర్తిగా పోయిందని. రంగు ఇంకా పోవాలని చివర్లో ఆల్కహాల్‌తో కడగాలనిపిస్తుంది. 10 మిల్లీలీటర్ల ఆల్కహాల్ 0.6 గ్రాముల పైన పైపరిన్‌ని కరిగించుకోగలదు, అంటే మీ దగ్గరున్న మొత్తం పంట. అందుకే కడగాల్సి వస్తే సగం నీళ్లు, సగం ఆల్కహాల్ కలిపి, ఐసులో చల్లబరిచి, రెండు మూడు మిల్లీలీటర్లు మించకుండా.

పునఃస్ఫటికీకరణ

మొదటి విడత స్ఫటికాలు ముదురు పసుపుగా, కొంచెం జిడ్డుగా ఉంటే ఇంకోసారి చేయాలి. చిన్న కోనికల్ ఫ్లాస్కులో వేసి, వేడి ఇథనాల్ చుక్కలు చుక్కలుగా పోస్తూ సరిగ్గా కరిగేంత వరకే పోయండి. కరగని మురికి ఉంటే వేడిమీదే వడకట్టండి. తర్వాత వేడి నీళ్లు చుక్కలుగా వేస్తూ మబ్బు రాగానే ఆపి, ఒక్క చుక్క ఆల్కహాల్‌తో ఆ మబ్బుని పోగొట్టి, పక్కన పెట్టేయండి. తనంతట తానే గది ఉష్ణోగ్రతకి వచ్చాక ఐసులో పెట్టొచ్చు. ఎసిటోన్‌లో కరిగించి హెక్సేన్ కలిపే పద్ధతి కూడా ఉంది, స్ఫటికాలు అందంగా వస్తాయి, కాకపోతే హెక్సేన్ ఆవిరి ఫ్యూమ్ హుడ్ లేకుండా పీల్చాల్సిన వస్తువు కాదు. గాలికి ఆరబెట్టి, ఆపైన 50 డిగ్రీల ఓవెన్‌లో తడి పోయేదాకా ఉంచి తూచండి.

వచ్చింది పైపరినే అని ఎలా తెలుసు?

మొదట మెల్టింగ్ పాయింట్. శుద్ధమైన పైపరిన్ 128 నుంచి 130 డిగ్రీల మధ్య కరుగుతుంది. 120 దాటాక నిమిషానికి రెండు డిగ్రీలకు మించకుండా వేడి పెంచండి, గబగబా పెంచితే థర్మామీటర్ వెనకబడి తప్పు అంకె చూపిస్తుంది. 115 దగ్గర మొదలై 124 దాకా సాగుతూ కరిగితే స్ఫటికాల్లో ఇంకా రెసినో తడో ఉందని అర్థం, ఆరబెట్టి మళ్లీ చూడండి, అప్పటికీ అంతే అయితే పునఃస్ఫటికీకరణ తప్పదు.

తర్వాత ఒక సరదా పరీక్ష. తెల్లటి పింగాణీ పలక మీద రెండు మూడు రేణువులు వేసి ఒక్క చుక్క గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేయండి, ముదురు ఎరుపు వస్తుంది. దాన్ని జాగ్రత్తగా ఎక్కువ నీళ్లలోకి వంచితే రంగు మాయమవుతుంది (ఆమ్లాన్ని నీళ్లలోకి, నీళ్లను ఆమ్లంలోకి కాదు). చూడటానికి బాగుంటుంది గానీ నిర్ధారణకి ఇది ఒక్కటే చాలదు.

సిలికా జెల్ పలక మీద టీఎల్‌సీ (ద్రావణి పైకి పాకుతూ పదార్థాలను వేర్వేరు మచ్చలుగా విడదీసే పద్ధతి) చేస్తే ఎక్కువ సంగతులు తెలుస్తాయి. టోలుయీన్ 7 పాళ్లు, ఇథైల్ ఎసిటేట్ 3 పాళ్లు కలిపి నడపండి. 365 నానోమీటర్ల దీపం కింద నీలంగా మెరిసే మచ్చ ఒకటే కనబడితే సంతోషించండి, పక్కన తోడు మచ్చలుంటే రెసినో, వెలుతురు తగిలి పుట్టిన ఐసోమర్లో అయి ఉండొచ్చు. డ్రాగెన్‌డార్ఫ్ ద్రావకం చల్లితే మచ్చ నారింజ రంగులోకి మారుతుంది. లిట్మస్‌కి పలకని ఈ పదార్థం ఆల్కలాయిడ్‌ల పరీక్షకి మాత్రం పలుకుతుంది.

స్పెక్ట్రోఫొటోమీటర్ ఉంటే 342 నుంచి 345 నానోమీటర్ల మధ్య శిఖరం వెతకండి. బెంజీన్ వలయం, రెండు ద్విబంధాలు, కార్బొనైల్ ఒకే గొలుసుగా కలిసి ఉండటం వల్ల అక్కడ కాంతిని విపరీతంగా పీల్చుకుంటుంది, దాని తోక కొంచెం కంటికి కనిపించే వెలుతురులోకి రావడం వల్లే స్ఫటికాలు లేత పసుపు. ద్రావణం చాలా పలచగా ఉండాలి, లీటరుకి 5 మిల్లీగ్రాములు చాలు, ఒక సెంటీమీటరు సెల్‌లో శోషణ సుమారు 0.6 వస్తుంది. అంతకు పది రెట్లు చిక్కగా చేసి గ్రాఫు బల్లపరుపుగా వచ్చిందని మెషీన్‌ని తిట్టకండి. పలచన చేయడం, కొలవడం చకచకా చేయండి, వెలుతురు విషయం మర్చిపోవద్దు. ఇన్‌ఫ్రారెడ్‌లో అయితే 1635 సెం.మీ⁻¹ దగ్గర ఎమైడ్ కార్బొనైల్ కనబడాలి. ధ్రువణమాపకంలో పెట్టి కాంతి ఎంత తిరిగిందో చూద్దామనుకుంటే ఆ శ్రమ దండగ, అణువులో కైరల్ కార్బన్ (నాలుగు వేర్వేరు గుంపులు తగిలించుకున్న కార్బన్) ఒక్కటీ లేదు, సూచిక సున్నా దగ్గరే ఉంటుంది.

నోట్లో వేసుకోవచ్చా?

వద్దు. మీరు వాడిన ద్రావణుల ఆనవాళ్లు అందులో ఉంటాయి, అదొక కారణం. రెండోది ఇంకా ముఖ్యమైనది. పైపరిన్ మన శరీరంలో మందులను విరగ్గొట్టే సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్‌ని, మందులను పేగు గోడ నుంచి వెనక్కి తోసే పీ-గ్లైకోప్రోటీన్‌ని అడ్డుకుంటుంది. 1998లో అచ్చయిన ఒక అధ్యయనంలో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే మనుషుల్లో కర్క్యుమిన్ లభ్యత 2000 శాతం పెరిగిందని రాశారు. సప్లిమెంట్ల డబ్బాల మీద కనిపించే గొప్పలకి మూలం ఇదే. కానీ అదే పని ఫెనిటోయిన్, ప్రొప్రనోలాల్, థియోఫిలిన్ లాంటి మందుల విషయంలో కూడా జరుగుతుంది, రక్తంలో వాటి మోతాదు డాక్టరు అనుకున్నదానికన్నా పైకి పోతుంది. థియోఫిలిన్, ఫెనిటోయిన్ లాంటివాటికి సరైన మోతాదుకీ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ. కూరలో పడే చిటికెడు వేరు, తూచి తీసిన స్ఫటికాలు వేరు. రుచి తెలియాలంటే పుస్తకంలో చదువుకోండి: మొదట చప్పగా ఉండి ఆ తర్వాత మంట మొదలవుతుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ తట్టే టీఆర్‌పీవీ1 గ్రాహకాన్నే ఇదీ తడుతుంది, క్యాప్సైసిన్ కూడా ఎమైడే.

సర్దుకునేటప్పుడు

పొటాషియం హైడ్రాక్సైడ్ కలిసిన ద్రవాలను పలచటి ఆమ్లంతో తటస్థం చేసి ల్యాబ్‌లో చెప్పిన వ్యర్థాల డబ్బాలో పోయండి, ఆల్కహాల్ ఉన్నవాటిని సింకులో పారబోయకండి. మిరియాల పిప్పిని హుడ్ కింద పూర్తిగా ఆరనిచ్చాకే పడేయండి, ఆల్కహాల్‌తో తడిసిన పిప్పి చెత్తబుట్టలో అంటుకోగలదు. స్ఫటికాలను గోధుమ రంగు గాజు సీసాలో వేసి, పేరు, తేదీ, బరువు, మెల్టింగ్ పాయింట్ రాసిన లేబుల్ అంటించి, వెలుతురు తగలని అరలో పెట్టండి. పొడిగా ఉన్న స్ఫటికాలు చాలాకాలం బాగానే ఉంటాయి, కరిగించిన ద్రావణాన్ని మాత్రం దాచుకోకండి, ఎప్పటికప్పుడు కొత్తగా కలుపుకోండి.